షాహీన్ దాచిన ఆఖరి ట్యూబు

దెయ్యాల కబుర్లు చెబితే నేను మొహం మీదే నవ్వేసే రకం. ఇప్పటికీ అంతే. ల్యాబులో పనిచేసేదాన్ని, ఏదైనా ఉందంటే డీఎన్ఏని చూపే జెల్ పలక మీద గీతగా చూపించమంటాను. అయినా ఈ ఒక్క సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గవర్నర్‌పేటలో ఒక మేడ మీద మా ల్యాబు ఉండేది. చల్లపల్లి, పామర్రు వైపు రైతులు తెచ్చే రొయ్యపిల్లల్లో వైరస్ ఉందో లేదో చూసేవాళ్లం. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకోవడానికి ప్రతిసారీ పక్కన ప్లాస్మిడ్ డీఎన్ఏ, అంటే బాక్టీరియాలో పెంచే చిన్న డీఎన్ఏ చుట్ట, పెట్టాలి. వైరస్ ముక్కను అతికించి దాన్ని తయారుచేసింది నా స్నేహితురాలు షాహీన్. ఏళ్లు పట్టింది పాపం.

దాన్ని చిన్న ట్యూబుల్లోకి పంచి ఫ్రీజర్లో దాచేది. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే డీఎన్ఏ తునకలైపోతుంది. "వేటినైనా వాడుకో, ఆఖరిది మాత్రం ముట్టుకోకే. మళ్లీ పెంచాలంటే అదే విత్తనం," అనేది.

ఆ చలికాలం షాహీన్ కామెర్లతో పోయింది. నేను మొద్దుబారిపోయాను. రోజూ వచ్చి పని చేసుకునేదాన్ని. దాని కష్టంలో మిగిలింది ఆ ట్యూబులే, అవి పోకూడదు. అదొక్కటే నా ధ్యాస.

ఎండాకాలం సెలవుల తర్వాత ల్యాబు తెరిస్తే ఫ్రీజర్ కంప్రెసర్ కాలిపోయి ఉంది. లోపల గోరువెచ్చని నీళ్లు. డీఎన్ఏని కాపాడే బఫర్ ద్రావణం దొరక్క ఉత్త నీళ్లలో కలిపిన బ్యాచ్ అది, గడ్డకట్టి ఉన్నంతకాలమే భద్రం. ఒక్కొక్కటీ జెల్ మీద కరెంటు పెట్టి నడిపాను, డీఎన్ఏ చెడకుండా ఉంటే గీతగా కనిపించాలి. ఎక్కడా గీత లేదు, అంతా మసక.

ఆఖరి ట్యూబు తీశాను. రాయిలా గడ్డకట్టి ఉంది. అదే పెట్టె, అవే నీళ్లు. గుప్పిట్లో పట్టుకున్నాను, కరగలేదు. ల్యాబు నడిపే సార్ తీసుకుని కిటికీలో ఎండకి పెట్టారు. అయినా కరగలేదు.

"ఏదోలేమ్మా, ఎవరికీ చెప్పకు," అన్నారు సార్. భయపడాల్సిన సంగతేనని తెలుస్తోంది, భయం మాత్రం రాలేదు.

ఆ మధ్యాహ్నమే షాహీన్ వాళ్లమ్మ పామర్రు నుంచి బస్సులో వచ్చారు, కూతురి తెల్లకోటు తీసుకెళ్దామని. "మా పిల్ల ఏదో చేసి పెట్టిందంటగా అమ్మా, ఒకసారి చూపిస్తావా?" అన్నారు.

ట్యూబు ఆమె అరచేతిలో పెట్టాను. పెట్టీపెట్టగానే లోపలిదంతా నీళ్లైపోయింది.

"అయ్యో, కరిగిపోయిందే. నేనేమన్నా పాడుచేశానా?" ఆమె ట్యూబు గబుక్కున నా చేతికిచ్చేశారు.

"లేదాంటీ, బాగానే ఉంది," అన్నాను. నిజానికి ఉందో లేదో నాకూ తెలీదు.

ఆమెను కూర్చోబెట్టి జెల్ నడిపాను. అతినీలలోహిత లైటు వేసి, కళ్లకి తగలకుండా అద్దం అడ్డంపెట్టి చూపించాను. గీత తేటగా మెరుస్తోంది. ఆమె చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు.

"కోటు ఇక్కడే ఉండనీ అమ్మా. పిల్ల ఇక్కడే ఉందిగా," అని బస్సుకి వెళ్లిపోయారు.

ఆ ట్యూబు నుంచే మళ్లీ పెంచుకుని చాలాకాలం వాడాం. మా చేతుల్లో, ఎండలో కరగనిది ఆమె చేతిలో ఎలా కరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆంటీకి ఆ సంగతి చెప్పలేదు. ఎవరు పట్టుకున్నా అలాగే కరిగేదని ఆమె అనుకుంటున్నారు.