మాటందించే ఇమాం

మా ఇమాముకు ఒకటే జబ్బు. ఎదుటోని నోట్లో మాట ఆగితే ఓర్చుకోలేడు, తానే అందిస్తాడు. హిందూపురం పాత నాటకాల హాల్లో నలభై ఏండ్లు తెర పక్కన నిలబడి, మేం మరిచిపోయిన మాటలన్నీ అందించిన మనిషి. నేను పాపమ్మను, ఆ హాల్లోనే రాణి వేషాలు కట్టి కట్టి ముసలిదాన్నయినా.

బయట గూడా ఇదే కత. ఎవరిదో పెండ్లిచూపుల్లో పిల్లోడు నీళ్లు నములుతాంటే, వెనకనుంచి "పిల్ల నచ్చింది" అనేసినాడు. పెండ్లి అయిపాయె. ఆ మొగుడు ఇప్పటికీ ఇమాం కనపడితే సందు మారతాడు.

పోయినేడు హాలు కొన్న బాలాజీ, దాన్ని పడగొట్టి కళ్యాణమండపం కడతానన్యాడు. బతిమాలుకుందామని అందరం పోయినాం. మాలో గొంతున్నోడు ధర్మవరం మగ్గాల జయరాముడు. మతిమరుపు మొదలైనా, వెనక ఇమాం ఉండాడు గదా అని ఆయన్నే ముందుకు తోసినాం. జయరాముడు ఒక్క మాట తడబడకుండా చెప్పినాడు. బాలాజీకి కండ్లు తడిసినాయి.

"మీరంతా పెద్దోళ్లు... ఆ హాలు మరి... నేను..." అని ఆగిపోయినాడు.

వెనకనుంచి ఇమాం: "పడగొట్టక తప్పదు."

"ఆ! పడగొట్టక తప్పదు" అన్యాడు బాలాజీ.

"నీ నోట్లో మన్ను పడ! ఎవరికి అందిస్తాండావురా?" అన్యా.

"హాలు కొన్న ఆయప్ప వేషానికి అదే గదక్కా మాట!"

నెల తిరక్కముందే హాలు నేలమట్టమాయె. మా బతుకంతా ట్రాక్టర్లకెత్తి ఊరిబయట పారబోసినారు. ఇమాం మొగం చూడనని ఒట్టు పెట్టుకున్యా.

మొన్న జయరామునికి బాగలేదంటే ధర్మవరం పోయినా. నా పక్కన రాజు వేషం కట్టినోడు, నన్ను చూసి ఎవరో తెలీనట్టు గుడ్లప్పగించినాడు. ఇంతలో వాకిలి తెర వెనకనుంచి గుసగుస: "రా, పాపమ్మా."

"రా, పాపమ్మా" అన్యాడు జయరాముడు.

ఆయన భార్య యశోదమ్మ కాఫీ తెచ్చింది. మళ్లీ గుసగుస.

"యశోదా, చీర బాగుండాది" అన్యాడు జయరాముడు.

తెర లాగి చూస్తే స్టూలు మీద ఇమాం! యశోదమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"తిట్టొద్దక్కా. ఈయన ఒకనాడు నన్నే ఎవరమ్మా అనడిగినాడు. చూసిపోదామని వచ్చిన ఇమామన్న అది విన్యాడు. అప్పటినుంచి రోజూ బస్సెక్కి వస్తాండాడు."

"అంతా ఇమాం మాటలేనని తెలిసీ మురిసిపోతాండావా?"

"మురిసిపోనా మరి? బుద్ధి బాగున్న దినాల్లో ఈయన ఊరోళ్లకు వందల చీరలు నేసినాడు. నా చీర బాగుండాదని ఒక్కనాడన్నా అన్యాడా? అందుకే ఇప్పుడు పూటకొకటి మారుస్తాండా."