పేషెంటు తాలూకు ఎవరు?

బీదర్‌లో ఉద్గీర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రి. లోపలికి అడుగుపెట్టగానే ఎడమచేతి వైపు అద్దాల గూడు లాంటి చిన్న గది, దాని మీద ఇన్సూరెన్సు కౌంటరని బోర్డు. అందులో కూర్చునేది సూర్యకళ. జహీరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. భర్త దయానంద్‌కు మన్నాఏఖేళ్ళిలో ట్రాక్టర్ల షోరూంలో ఉద్యోగం దొరకడంతో బీదర్‌లో కాపురం పెట్టింది. వచ్చి చాలా ఏళ్ళయినా కన్నడం ఇంకా నాలుక మీద కుదురుకోలేదు. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో ఉర్దూ కలిపి, చివర కన్నడ ముక్క ఒకటి తగిలిస్తుంది. ఊళ్ళో సగం మంది అలాగే మాట్లాడతారు కాబట్టి ఎవరికీ పట్టింపు లేదు.

ఆవిడకు ఒక గొప్ప విద్య తెలుసు. చుట్టరికాలు కలపడం. నవ్వకండి, మన ఆసుపత్రుల్లో దానితో బోలెడు పని. రోగం ఒక్కటీ ఉంటే చాలదు కదా, వెంట మనిషి ఉండాలి. మందుల చీటీ పట్టుకుని మెట్లెక్కి దిగడానికి, క్యారియర్ తేవడానికి, మంచం పక్కన చాప పరుచుకోవడానికి ఒకరు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, థియేటర్ తలుపు తెరుచుకుని ఆయా గుండమ్మ "పేషెంట్ కడెయవరు యారు?" అని కేకేసినప్పుడు లేచి నిలబడటం. పేషెంటు తాలూకు ఎవరని అడగడం అది. గుండమ్మ గొంతుకు కింద మందుల షాపు వాడు కూడా ఉలిక్కిపడతాడు.

వెంట ఎవరూ లేకుండా వచ్చేవాళ్ళకు సూర్యకళే దిక్కు. చదువులకొచ్చిన తెలంగాణ పిల్లలు, కమలనగర్ వైపు నుంచి పనికొచ్చిన కూలీలు, రకరకాల వాళ్ళు. "గీయన నీకేమయితడు?" అని అడుగుతుంది.

"ఏం గాడక్కా. ఒక్క రూంల ఉంటం."

"ఒక్క రూంల ఉంటే అన్ననే గదా! అన్న అని చెప్పు, పని అయితది."

అలా ఎందరికి అన్నలను, మేనమామలను, చిన్నమ్మలను పుట్టించిందో ఆవిడకే తెలియదు. ఇదేమిటని అడిగినవాళ్ళూ లేరు. అడగడానికేముంది, పిలిస్తే అయ్యేదే కదా చుట్టరికం!

ఈ పని మీద ఆవిడకంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి ఆవిడకే కడుపులో రాళ్ళకు ఆపరేషన్ కావలసి వచ్చింది. రోజంతా ఊరి జనం ఇన్సూరెన్సులు చూసే మనిషికి తన కార్డు తన కౌంటర్లోనే చెల్లలేదు. కార్డేమో తెలంగాణది, ఆసుపత్రేమో కర్ణాటకలో ఉంది, ఎట్లా చెల్లుతుంది? బస్సెక్కి సరిహద్దు దాటి అవతలి ఆసుపత్రిలో చేరింది. అక్కడ కార్డు చక్కగా పనిచేసింది. అయితే దయానంద్ ఏదో ఇంజెక్షన్ కోసం కిందికి వెళ్ళిన సమయానికే స్ట్రెచర్ బయటికొచ్చింది. "సూర్యకళ తాలూకు ఎవరు?" అని పిలిచారు. ఎవరూ పలకలేదు. మత్తు సగం దిగిన మనిషి ఆ పిలుపు విన్నది, ఎవరూ పలకకపోవడమూ విన్నది. భర్త పరుగున వచ్చేదాకా గోడవారగా ఆపి ఉంచారు. పెద్ద సేపేమీ కాదు. ఆ కాసేపట్లోనే లోకంలో తనకెవరూ లేరని ఏడుపొచ్చింది ఆవిడకు. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

అటువంటి సూర్యకళ కౌంటరు ముందుకు ఒక మధ్యాహ్నం మార్తా వచ్చింది, పొట్ట పట్టుకుని, ముఖమంతా చెమటలు కారుతుండగా.

మార్తాది పోలండు. ఊరి చివర నౌబాద్ దగ్గర నేల అడుగున పాతకాలపు నీటి సొరంగాలున్నాయి కదా, వాటి మీద పరిశోధన చేయడానికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. నౌబాద్‌లోనే పీరప్ప అనే ఆయన ఇంట్లో మేడ మీది వాటాలో అద్దెకుంటోంది. తోటివాళ్ళంతా ఎండలు ముదిరేసరికి ఎవరి దేశాలకు వాళ్ళు వెళ్ళిపోయారు, ఈవిడ మాత్రం ఉండిపోయింది. నొప్పితో మెలికలు తిరుగుతుంటే పీరప్పే తన ఆటోలో వేసుకొచ్చాడు.

సర్జన్ సదాశివ్ గారు స్కానింగ్ చూసి ముఖం ముడిచారు. "అపెండిక్స్. సాయంత్రంలోగా తీసెయ్యాలి. లోపల పగిలిందంటే ప్రాణం మీదికొస్తుంది."

మార్తా సంచిలోంచి ఇన్సూరెన్సు కార్డు తీసిచ్చింది. పరాయి దేశాల్లో ఉండేవాళ్ళకని ఏదో విదేశీ కంపెనీ ఇచ్చిన కార్డు. సూర్యకళ కంప్యూటర్లో ఆ పాలసీ తెరిచి చదువుతూ నోరెళ్ళబెట్టింది. పంటి నొప్పికి ఉంది. విమానంలో వేరే ఊరికి తరలించడానికి ఉంది. ఖర్మ కాలి చచ్చిపోతే శవాన్ని సొంత దేశానికి చేర్చడానికి కూడా ఉంది. వెంట కూర్చునే మనిషి సంగతి మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. ఇదెక్కడి ఇన్సూరెన్సురా దేవుడా, శవానికి తోడుందట, బతికున్న మనిషికి లేదట అనుకుంది.

"పీరప్పన్నా, జర ఆగు. తోడు మనిషివని నీ సంతకం పడుతదేమో."

పీరప్ప రెండు చేతులూ జోడించాడు. "నన్ను ఇడిసిపెట్టమ్మా నీకు పుణ్యముంటది. పరదేశం మనిషికి ఇల్లు కిరాయికిచ్చినందుకే ఠాణా చుట్టు తిరిగిన. రేపేదన్న అయితే నన్నే పట్టుకుంటరు." అలాగని వెళ్ళిపోనూ లేదు. బయట ఆటోలో కూర్చుని అటే చూస్తున్నాడు పాపం.

కంపెనీ వాళ్ళు సరేనంటే గానీ థియేటర్ తెరవరు, ఆ ఆసుపత్రి పద్ధతి అది. సూర్యకళ తన సెల్లు నుంచి ఫోన్ చేసింది. ఒక అబ్బాయి మహా మర్యాదగా ఇంగ్లీషులో పలికాడు. మాటలు రికార్డవుతున్నాయని చెప్పి, "మాట్లాడేది ఎవరండీ?" అన్నాడు.

కౌంటరు నుంచి అంటే ఆగమంటారు, పాటలు వినిపిస్తారు. అది ఆవిడకు అనుభవమే. అందుకని అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది: "నేను పేషెంటుకు వదినను సార్. జర తొందరగా చూడండి."

అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు. తర్వాత ఆ అబ్బాయి గొంతు మారింది. "మేడం, మార్తా గారికి అన్నదమ్ములే లేరు. పెళ్ళి కూడా కాలేదు. మరి ఈ వదిన ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"జహీరాబాదు నుంచి సార్," అంది సూర్యకళ.

అవతల మళ్ళీ టకటకా టైపు. కాసేపటికి, ఎవరో పేషెంటు పేరు వాడుకుంటున్నారని అనుమానంగా ఉందనీ, విచారించేదాకా అనుమతి ఆపుతున్నామనీ చెప్పి పెట్టేశాడు.

ఇదేం చోద్యమనుకుంది సూర్యకళ. ఇంతమందికి అన్నలను ఇచ్చింది, అక్కలను ఇచ్చింది, ఎన్నడూ బెడిసికొట్టలేదు. ఇప్పుడు మంచి చేయబోతే మార్తా ప్రాణానికే అడ్డం పడింది. తను చెప్పింది అబద్ధమా? కాదే! ఆపదలో పక్కన నిలబడినవాళ్ళను ఇంకేమని పిలుస్తారు? పోనీ నిజమా? అదీ కాదు. బుర్ర వేడెక్కిపోయింది.

పరుగున వెళ్ళి మార్తా చెయ్యి పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. ఇద్దరి మధ్యా ఇంగ్లీషు కొంత, హిందీ కొంత నడుస్తుంది. జరిగింది చెబుతుండగానే మార్తా ఫోన్ మోగింది. కంపెనీ వాళ్ళే. మార్తా పళ్ళు బిగబట్టి విన్నది. "లేదు. నాకు వదిన లేదు. ఈ దేశంలో నాకు చుట్టాలెవరూ లేరు. ఈమె ఆసుపత్రిలో పనిచేస్తుంది, అంతే."

అందులో తప్పేముంది? అక్షరాలా నిజం. అయినా సూర్యకళ గుండె కలుక్కుమంది. అంతే అనాలా? చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషిని అంత మాట అనేసిందేమిటి?

వింత చూడండి, ఎవరూ లేరని చెప్పగానే కంపెనీ అనుమతి వచ్చేసింది.

హమ్మయ్య అనుకునేలోపు సదాశివ్ గారు ఒప్పుకోలు కాగితంతో వచ్చారు. "రిలేటివ్స్ ఎవరు? సంతకం పెట్టమనండి."

"పొట్ట నాది," అంది మార్తా. "సంతకం నేనే పెడతాను."

"పెట్టండి మేడం, చట్టానికి అది చాలు. నాకు చాలదు. మీరు మత్తులో ఉంటారు. లోపల ఏదైనా తేడా వస్తే నేనెవరిని అడగను? రక్తం కావలసి వస్తే ఎవరిని పంపను?"

"మా చెల్లెలికి ఫోన్ చేయండి. పోలండులో ఉంది."

"ఫోన్ చేతికి సీసా ఇచ్చి రక్తానికి పంపమంటారా?" అన్నారాయన విసుగ్గా. "బయట ఒక మనిషి ఉండాలి. లేకపోతే కలబురగి పెద్దాసుపత్రికి రాసిస్తాను."

అంత దూరం! దారిలోనే పగిలితే? సూర్యకళకు ఎటూ పాలుపోలేదు. వదినంటే కంపెనీ వాళ్ళు దొంగంటారు, అనుమతి మళ్ళీ ఆపుతారు. ఏమీ కానంటే డాక్టరు కత్తి పట్టడు. ఒక చోట చుట్టం కాకూడదు, ఇంకో చోట చుట్టమై తీరాలి. ఒకే మనిషి ఒకే మధ్యాహ్నం రెండూ ఎలా అవుతుంది? పక్కకు వెళ్ళి దయానంద్‌కు ఫోన్ చేసింది.

"ఏంది పరేషాన్? సీదా చెప్పు," అన్నాడాయన. అంతా విని, "నీకెందుకే గీ లొల్లి? సంతకం పెట్టకు. రేపు నౌకరి పోతది," అన్నాడు.

"పెట్టకపోతే ఆమె పోతది గదా!"

"అరె, ఆమె నీకేమయితదే?"

"గదే సమజయితలేదయ్యా నాకు," అంది సూర్యకళ ఏడుపు గొంతుతో.

తిరిగొచ్చేసరికి మార్తా కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు పాలిపోయాయి. అలికిడికి కళ్ళు తెరిచి, "బయట ఉండే ఆ మనిషి ఏం చేయాలి?" అని అడిగింది.

సూర్యకళ ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఏం లేదు మేడం. తలుపు బయట కూర్చోవాలి. లోపలి నుంచి పిలుస్తారు. పిలిస్తే లేవాలి."

"అంతేనా?"

"అంతే. ఎవరూ లేవకపోతే..." అని ఆగిపోయింది. మిగతాది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. తెలుగులోనూ తెలియదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

మార్తా ఆ కళ్ళలోకి చూసింది. తర్వాత మెల్లగా, "నేను ఫోన్‌లో నిజమే చెప్పాను," అంది. "అయినా మీరు కూర్చోండి. నాకు భయంగా ఉంది."

సూర్యకళ డాక్టరు చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేసింది. మార్తా సంతకం కింద తన సంతకం గీకింది. పక్కనే సంబంధం అని ఖాళీ ఉంది. బీదర్ జనానికంతటికీ ఆ ఖాళీ నింపిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఏం రాయాలో తోచక అలాగే వదిలేసి ఇచ్చింది. సదాశివ్ గారు ఒకసారి కాగితాన్ని, ఒకసారి ఆవిడను చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళారు.

థియేటర్ బయట బల్ల మీద కూర్చుంది. రోజూ ఆ దారినే ఫైళ్ళు పట్టుకుని తిరుగుతుంది గానీ ఎన్నడూ ఆ బల్ల మీద కూర్చోలేదు. కౌంటర్లోంచి ఎవరో వచ్చి మేనేజరు అడుగుతున్నారని చెప్పారు. "చెప్పు, పేషెంటు దగ్గర ఉన్ననని," అంది. పీరప్ప ఆటో దిగొచ్చి చాయ్ కప్పు చేతిలో పెట్టి, సంతకం సంగతి మళ్ళీ ఎక్కడ వస్తుందో అన్నట్టు గబగబా దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. చాయ్ చల్లారిపోయింది. తలుపు తెరుచుకోలేదు. ఎందుకింత ఆలస్యం? పగిలిందా ఏంది లోపల? తను చేసిన లొల్లి వల్లేనా? లేని చుట్టరికం కలపబోయి మనిషిని చంపుకుంటున్నానా అని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోన్ మోగింది. అదే అబ్బాయి, అదే మర్యాద.

"మేడం, రికార్డు కోసం అడుగుతున్నాను. ఇందాక వదినని చెప్పింది మీరే కదా? నిజంగా మీరు ఆమెకు ఏమవుతారు?"

"ఏమీ కాను సార్," అంది సూర్యకళ. ఇక అబద్ధమాడే ఓపిక లేదు. "తప్పయింది. నిజంగా నేను ఆమెకు ఏమీ కాను."

"సరే మేడం. అయితే ఇప్పుడు ఆమె తరఫున అక్కడ ఎవరున్నారు?"

అప్పుడే థియేటర్ తలుపు భళ్ళున తెరుచుకుంది. స్ట్రెచర్ ముందు చక్రాలు గడప దాటాయి. దాని వెనక నుంచి గుండమ్మ గొంతు వరండా అంతా మోగింది.

"మార్తా! మార్తా కడెయవరు యారు?"

ఎవరూ లేవలేదు. బల్లల మీదివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం సూర్యకళకు బాగా తెలిసిందే, స్ట్రెచర్ మీద పడుకుని విన్నదే. స్ట్రెచర్ మీద తెల్లటి చెయ్యి ఒకటి కొంచెం కదిలింది.

"నేనే!" అని ఒక్క ఉదుటున లేచింది సూర్యకళ. చాయ్ కప్పు కింద పడింది. "నేనే ఉన్న! ఇగో, నేను ఉన్న!"

చేతిలోని ఫోన్‌లో ఆ అబ్బాయి, "హలో, మేడం, ఎవరున్నారు? మీరు ఎవరు?" అని అడుగుతూనే ఉన్నాడు. సూర్యకళ అప్పటికే స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని వార్డు వైపు నడుస్తోంది.