మెత్తమ్మగారి కోపం

మొన్న మైలవరం వెళ్తుంటే, రెడ్డిగూడెం దాటాక బస్సు కిటికీలోంచి పురుగుమందు వాసన గుప్పుమంది. రోడ్డుకి రెండు పక్కలా మామిడి పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొడుతున్నారు. పక్క సీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ముందు వచ్చేది దగ్గు కాదు, కోపం. ఆ కోపం వెనకే మెత్తమ్మగారు గుర్తొస్తారు.

ఆమె చాట్రాయి వైపు కూలివాళ్ల ఇంట్లో పుట్టారు. భర్త పోయాక నాగపూర్ వెళ్లి, తల గొరిగించుకుని, బౌద్ధ భిక్షుణిగా కాషాయం కట్టుకుని తిరిగొచ్చారు. అక్కడ పెట్టిన పేరు మెత్తా. మైత్రి అని అర్థమట. మనవాళ్ల నోట్లో అది మెత్తమ్మ అయింది. మనిషి మాత్రం మెత్తన కాదు. నూజివీడు దగ్గర ఓ మామిడితోటల ఊళ్లో, కూలీల పేటలో తాటాకు పాకలో ఉంటూ పుళ్లు కడిగేవారు, లేవలేని ముసలివాళ్లకి గంజి కాచి పోసేవారు, జబ్బుపడ్డవాళ్లని నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. ఎనభైల్లో నేను ఆ ఊరి హెల్త్ సబ్‌సెంటర్లో కొత్తగా చేరిన నర్సుని. ఒకరోజు ఆమె సీతారావమ్మ అనే కూలీని వెంటబెట్టుకుని వచ్చారు. సీతారావమ్మ రెండు చేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. "ఇవాళ మీటింగుందండీ, రేపు రండి" అన్నాను. "ఈ చేతులు రేపటిదాకా ఆగుతాయేమో నువ్వే అడుగమ్మా" అన్నారు మెత్తమ్మగారు. నేను మీటింగుకి వెళ్లలేదు.

ఆ బొబ్బలు పురుగుమందువి. మగవాళ్లు చెట్లకి మందు కొడుతుంటే, ఆడవాళ్లు నీళ్లు మోసి, డ్రమ్ముల్లో ఒట్టి చేతులతో కలిపేవారు. మర్నాడు మెత్తమ్మగారు నన్ను కూడా తీసుకుని తోటకి వెళ్లి, డ్రమ్ముకి అడ్డంగా నిలబడ్డారు. తోట ఆసామి నవ్వాడు.

"బుద్ధుడి మతం పుచ్చుకున్నారు, ఇంత కోపం ఏంటండీ? శాంతంగా ఉండాలి కదా!"

"శాంతంగానే ఉన్నానండీ. ముందు మీరొచ్చి ఇందులో చెయ్యి పెట్టి కలపండి. శాంతం గురించి తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన నవ్వు ఆగింది. కలపడం మాత్రం ఆగలేదు.

వారం తిరక్కుండా సీతారావమ్మ తోటలోనే నురగలు కక్కుతూ పడిపోయింది. ట్రాక్టరు మీద నూజివీడు తీసుకెళ్తుండగా మెత్తమ్మగారి ఒళ్లోనే ప్రాణం పోయింది. ఆసామి వెళ్లి మా డాక్టరుగారిని కలిశాడు. ఆయన నన్ను పిలిచి, మరణాల రిజిస్టరులో 'మూర్ఛ' అని రాయమన్నారు. రాశాను. కొత్త ఉద్యోగం, భయపడ్డాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మర్నాడు పొద్దున్నే మెత్తమ్మగారు వచ్చారు.

"మూర్ఛ అని నువ్వే రాశావా?"

"డాక్టరుగారు చెప్పారండీ."

"చెప్పింది ఆయన. రాసింది ఎవరు?"

నేను రిజిస్టరు తీసి ముందు పెట్టాను. "సీతారావమ్మ తల్లికి చదువు రాదు. నువ్వు రాసింది నువ్వే వచ్చి చెప్పు, పద" అన్నారు. వెళ్లి చెప్పాను. ఆ ముసలావిడ అంతా విని, "మా పిల్లకి మూర్ఛ ఎప్పుడూ లేదమ్మా. ఇంకెవరిదో రాసినట్టున్నావు, సరిగ్గా చూడు" అంది. తిట్టినా బాగుండేది. తిరిగొచ్చి ఆ మాట కొట్టేసి, 'పురుగుమందు' అని రాసి, పక్కన సంతకం పెట్టాను.

నెల తిరిగేలోపు నన్ను బదిలీ చేశారు. ఆసామికి ఏమీ కాలేదు. మెత్తమ్మగారి పాక పీకించాడు, ఆమె మళ్లీ వేసుకున్నారు. వెళ్లేముందు, "మీకు కోపం రాదా అండీ?" అని అడిగాను. "రాకపోవడమేంటి, రోజూ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎవరి పుండు కడగాలో చూసుకుంటా" అన్నారు.

ఏళ్ల తర్వాత ఆమె పోయారు. సంతాపసభలో అదే ఆసామి మైకు పట్టుకుని, ఆమె శాంతమూర్తి అనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ చెప్పాడు. నేను లేచి, "అబద్ధం! మిమ్మల్నే అన్నారు. సీతారావమ్మ చేతుల గురించి అన్నారు" అని అరిచాను. ఎవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. సభ సాగింది.

రిటైరయ్యేదాకా ఏ చావునీ ఆ ఇంటివాళ్లకి చదివి వినిపించకుండా రిజిస్టరులో ఎక్కించలేదు. డాక్టర్లు విసుక్కున్నారు, విసుక్కోనిచ్చాను. మొదట రాసిన ఆ ఒక్క మాటకి మెత్తమ్మగారు నన్ను ఎప్పుడో క్షమించారు. నేను క్షమించుకోలేదు. క్షమించుకోవాలనీ లేదు.