కాలు ఆనే బండి

మా ఆయన నా మోచేతి కంటే కాస్త పైకి వస్తారు, అంతే. పెళ్లి ఫొటోలో ఇద్దరం కుర్చీల్లో కూర్చుని ఉంటాం. ఫొటోగ్రాఫరు తెలివైనవాడు.

ఆయనది కటింగ్ షాపు. కస్టమరు కుర్చీ చుట్టూ చెక్క అరుగులాంటిది చేయించుకుని, దాని మీద నిలబడి పని చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ చెక్కను చూసి నవ్వు ఆపుకుంటుంటే, "పైనుంచి చూస్తేనే కదండీ ఎవరికెంత బట్టతలో తెలిసేది" అని ముందు ఆయనే అంటారు. వీధంతా ఆయన్ని బుల్లోడనే పిలుస్తుంది. నాకు ఆ పేరు వింటే ఒళ్లు మంట. ఆయనకేమీ పట్టదని చాలా ఏళ్లు నమ్మాను.

రోజూ షాపు దగ్గర దింపేది నేనే, నా స్కూటరు మీద. వెనక కూర్చుని, నా భుజం పట్టుకుని, నిన్న షాపులో విన్న కబుర్లన్నీ చెవిలో పోస్తుంటారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి తనే నడుపుతానన్నారు. నడపడం బాగానే నడిపారు. సిగ్నల్ దగ్గర ఆపేసరికి కాలు నేలకు అందలేదు. బండీ, ఆయనా, నేనూ, సంచిలో గుడ్లూ అందరం ఒకే పక్కకు ఒరిగిపోయాం. జనం పరిగెత్తుకొచ్చి లేపారు, లేపుతూ నవ్వారు. ఆ తర్వాత ఆయన మళ్లీ హ్యాండిల్ ముట్టుకోలేదు.

కిందటి ఏడు ఒక పాత కస్టమరు ఇల్లు మారుతూ, షెడ్డులో మూలపడ్డ మినీబైకు తీసుకుపొమ్మన్నాడు, లేకపోతే పాత ఇనుములో వేసేస్తానన్నాడు. అది మా ఇంటికొచ్చింది. చక్రాలు పెద్ద గిన్నె మూతంత, ఒళ్లంతా తుప్పు.

"ఎవరికండీ ఇది?" అన్నాను.

"బాగుచేసి అమ్మేద్దాం," అన్నారు గోడవైపు చూస్తూ.

ఇక బట్టలుతికే గది నా చెయ్యి దాటిపోయింది. పిస్టన్ పట్టేసి కదలదు. కిరోసిన్ పోసి నానబెట్టి, రోజూ పొద్దున్నే ఒకసారి కదిపి చూడడం, "ఊఁహూఁ" అంటూ రావడం. కార్బురేటర్‌ను, మెడ మీది వెంట్రుకలు దులిపే కుంచెతో శుభ్రం చేశారు. కడిగిన భాగాల్ని హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టారు. స్పార్కు వచ్చే పాయింట్ల మధ్య ఎంత సందుండాలో కొలవడానికి గడ్డం గీసే బ్లేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి దూర్చారు. ట్యాంకులో తుప్పు రాలడానికి గుప్పెడు నట్లు వేసి, ఒళ్లో పెట్టుకుని ఊపుతూ వరండాలో కూర్చునేవారు.

ఎదురింటావిడ ఊరుకుంటుందా? "ఏంటన్నయ్యా, జోకొడుతున్నారా? మనవడు పుట్టకుండానే బండి సిద్ధమా?"

"పుట్టీ పుట్టగానే బారసాలకి దీని మీదే వస్తాడు చెల్లెమ్మా!"

ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. ఒకరోజు మాత్రం ఆ గదిలోకి బట్టలకని వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. సీటు లేని ఆ చట్రం మీద తువ్వాలు మడిచి వేసుకుని, రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చున్నారు. కళ్లు మూసుకుని నోటితోనే "బుర్ర్" మనిపిస్తున్నారు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేశాను. ఆ బండి ఎవరికో నాకు తెలిసిపోయింది.

పిస్టన్ కదిలింది, ఇంజన్ పలికింది. చట్రానికి ఆయనే ఎర్రరంగు వేశారు. మిగిలింది సీటు. సీట్లు కుట్టే స్నేహితుడొకడు ఆయనకున్నాడు; బండి అమ్మకానికే అనుకుని ప్రేమకొద్దీ రెండింతల స్పాంజి దట్టించి కుట్టుకొచ్చాడు. "సోఫా మీద కూర్చున్నట్టుంటుంది రా!"

ఆయన ఎక్కి కూర్చున్నారు. కాళ్లు గాల్లో వేలాడాయి. బొటనవేలు కూడా నేలకు తగల్లేదు.

"బాగుంది," అన్నారు. స్నేహితుణ్ణి సాగనంపి, బండి మీద పాత దుప్పటి కప్పేశారు. "అమ్మేద్దాంలే. ఎవరైనా అడిగితే చెప్పు."

తగ్గించి కుట్టమని ఆ ఒక్క మాట స్నేహితుడితో అనడానికి ఆయనకు నోరు రాలేదు. లోకం మొత్తానికి జవాబు చెప్పే మనిషి! నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. మర్నాడు ఆయన్ని షాపు దగ్గర దింపి, ఇంటికొచ్చి సీటు విప్పాను. బ్రెడ్డు కోసే కత్తితో స్పాంజి చెక్కుతూ పోయాను. ఒకపక్క ఎక్కువ తెగింది. ఇంకోపక్క సరిచేయబోతే అక్కడా ఎక్కువే తెగింది. తోలు మళ్లీ లాగి మేకులు కొట్టేసరికి చేతులకు బొబ్బలు.

సాయంత్రం ఇంటికి రాగానే, "ఒకసారి కూర్చోండి," అన్నాను.

"ఎందుకు?"

"కూర్చోమన్నానా!"

కూర్చున్నారు. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. మడమలు ఒకసారి ఎత్తి, మళ్లీ ఆనించి చూసుకున్నారు.

"ఎవరు కోశారు?"

"నేనే."

"వంకరగా కోశావు," అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి పనేమీ లేకపోయినా గిన్నెలు సర్దాను.

మర్నాడు పొద్దున ఆయన బండి మీద ఆయన, వెనకాలే నా స్కూటరు మీద నేను, సందుల్లోంచి బయల్దేరాం. ఎందుకైనా మంచిదని తోడు వస్తున్నానని చెప్పాను గానీ, నిజానికి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. సంతోషం ఉంది, కాదనను. కానీ నా భుజం మీద చెయ్యి లేదు, చెవి పక్కన కబురు లేదు. ఆ ఖాళీ నాకు నచ్చలేదు.

మొదటి మలుపులో ఆయన ఆగారు. ఎదురుగా ఒక్క బండి కూడా లేదు.

"ఏమైందండీ? ఆగిపోయిందా?"

"లేదు లేదు," అని కదిలారు. మూసి ఉన్న కొట్టు ముందు మళ్లీ ఆగారు. కరెంటు స్తంభం దగ్గర ఇంకోసారి.

"మళ్లీ ఎందుకాగారు?"

"ఊరికే," అన్నారు, రెండు పాదాలతో నేలను తడుతూ. "ఆగాలనిపించి."

అప్పుడు అర్థమైంది. నా స్కూటరు పక్కనే ఆపి నేనూ కాళ్లు దించాను. ఆయన తలెత్తి నన్ను చూసి, మొన్న సగంలో ఆపిన కబురు అక్కణ్నుంచే అందుకున్నారు. అలా ప్రతి మలుపులోనూ ఆగాం. ఆ రోజు షాపు బాగా ఆలస్యంగా తెరిచారు.