సీటుకు ఆనని పెద్దమనిషి

ఆటస్థలంలో గడ్డి కోసే మనిషిని అందరూ ఇంజినీరు అనేవాళ్లు. చదివినందుకు కాదు. ఎక్కడ ఏది చెడిపోయినా పిలవకుండానే వెళ్లి విప్పేవాడు, తిరిగి బిగించాక ఎప్పుడూ కొన్ని మరలు మిగిల్చేవాడు. "ఇవి కంపెనీవాళ్లు ఊరికే పెట్టారు" అని వాటిని జేబులో వేసుకునేవాడు.

ఆయనకు లోకంలో ప్రాణసమానమైనవి రెండే: ముందు గడ్డి కోసే తన చిన్న పాత ట్రాక్టరు, తర్వాత తన భోజనం. రెండోదాన్ని షుగరు పేరు చెప్పి డాక్టరు లాగేసుకున్నాడు. ఉడికించిన కూరగాయలు తిని తిని మనిషి సగమయ్యాడు. ప్యాంటు జారకుండా తాడు కట్టుకుని, ఆ తాడే పతకమైనట్టు ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు.

ఆటగాళ్ల జెర్సీలు ఉతికేది ఆయన అక్క. ఆమెది నిండైన విగ్రహం. తను చిక్కిన దగ్గర్నుంచి తమ్ముడు ఆమెకు రోజూ ఆరోగ్యసూత్రాలు బోధిస్తున్నాడు. ఆమె తడి జెర్సీని సరిగ్గా అతని మొహం పక్కనే విదిలించేది.

పోటీలు రేపనగా ట్రాక్టరు మొరాయించింది. తాళం తిప్పితే టక్కుమని కూడా అనలేదు. గడ్డి చూస్తే చీలమండలు దాటింది.

ఇంజినీరు చొక్కా చేతులు మడిచాడు. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లపొడిని వేణ్ణీళ్లతో కడిగి బిగించాడు. లైట్లు వేస్తే ధగధగా వెలిగాయి. బ్యాటరీ తప్పు లేదన్నమాట. ఫ్యూజు ఊడదీసి ఎండకు పెట్టి చూశాడు, లోపలి తీగ చెక్కుచెదరలేదు. గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని స్టార్టర్ మోటారు బోల్టుల మధ్య స్క్రూడ్రైవరు ఆనించాడు. నిప్పురవ్వలు ఎగిరాయి, కనుబొమ్మ కాస్త కమిలింది, మోటారు మాత్రం గిర్రున తిరిగింది. అంటే మోటారుకు ఒంట్లో బాగానే ఉంది. తాళం చెప్పిన మాటే దానికి చేరడం లేదు. తాళం స్విచ్చి కొత్తది వేశాడు. అయినా ట్రాక్టరు అలిగిన అల్లుడిలా బిగుసుకునే ఉంది.

చివరికి పరువు చంపుకుని ఎలక్ట్రీషియన్ను పిలిపించాడు. ఆయనకు పొట్ట ముందొస్తే మనిషి వెనకొస్తాడు. ఆయాసపడుతూ సీటెక్కి తాళం తిప్పాడు. ఇంజను భళ్లున అందుకుంది.

"ఏమైందన్నావు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఇందాకటిదాకా కాలేదన్నా, ఒట్టు."

"ఎండలో ఎక్కువ తిరగకు" అని సలహా ఇచ్చి, ఇంజను ఆపేసి దిగి వెళ్లిపోయాడు.

ఇంజినీరు ఎక్కి తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బండిని నోటికొచ్చినట్టు తిట్టాడు. దాన్ని తయారుచేసినవాళ్ల ఏడు తరాలనూ కలుపుకున్నాడు. ఆ భాషకు జెర్సీలు ఆరేస్తున్న అక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"దిగరా, నేను చూస్తా."

"నీకేం తెలుసే అక్కా? ఇదేమన్నా బకెట్టా?"

"బకెట్టయినా నా మాట వింటుంది. దిగు."

ఆమె కూర్చుంది. సీటు కింద ఎక్కడో సన్నగా 'క్లిక్'మంది. తాళం తిప్పగానే ఇంజను మేలుకుంది.

ఆ క్లిక్కు ఇంజినీరు చెవిలో పడింది. అక్కను దింపగానే ఇంజను దానంతటదే ఆగిపోయింది. సీటు ఎత్తి చూస్తే, కింద బొటనవేలంత స్విచ్చి. మనిషి కూర్చుని అది నొక్కుకుంటేనే స్టార్టరుకు కరెంటు వెళ్లేది. స్ప్రింగు తుప్పుపట్టి బిర్రబిగిసింది. నిండుగా ఉన్న రోజుల్లో ఆయన బరువుకు ఎలాగో లొంగేది. ఇప్పుడీ ఎముకలగూడును లెక్కలోకి తీసుకోవడం మానేసింది.

"అయితే నువ్వు కూర్చున్నా అది ఖాళీ సీటనే అనుకుందన్నమాట" అంది అక్క. తర్వాత నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

ఆయన ఉక్రోషంగా స్విచ్చి తీగలు పీకి రెండూ కలిపేయబోయాడు.

అక్క నవ్వు ఆగిపోయింది. "కలపకు. నువ్వు జారి పడితే కింద బ్లేడు ఆగొద్దూ? మీ ఆవిడకు నేనేం చెప్పను?"

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. తుప్పు గీకి, నూనె వేసి, స్ప్రింగు మెత్తబడేదాకా నొక్కుతూ కూర్చున్నాడు. ఆయన ఎక్కినా క్లిక్‌మన్నాక గానీ లేవలేదు.

"ఏదీ, ఒక్క చుట్టు నన్ను తిప్పనీ" అంది అక్క.

ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని తాళం ఇచ్చేశాడు. పక్కన నడుస్తూ "ఎడమకి, ఎడమకి" అంటూ వెళ్లాడు. ఆమె కుడికే తిప్పింది. ఒక చుట్టు అన్నది సగం మైదానం అయింది.

మర్నాడు ఆటగాళ్లు మైదానం మధ్యలో పాములా మెలికలు తిరిగిన చారను చూసి, ఎవరు కోశారని అడిగారు.

"మా అక్క" అన్నాడు ఇంజినీరు. "వచ్చే వారం నుంచి అవతలి సగం ఆవిడదే."