సుభద్రమ్మగారు రాయించిన మాట

ఈ ఉదయం, పరీక్షకు కోసిన ముక్కలు చెడకుండా వేసే ఫార్మలిన్ డబ్బా మూత తీయగానే కళ్ళు మండాయి. ఆ ఘాటుతో పాటే డాక్టర్ సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. ప్రయోగశాల పనిలో శిక్షణ ముగించి, నాలుగేళ్ళ కిందట చోడవరంలో ఆవిడ ఆసుపత్రిలో చేరాను. రక్తం, మూత్రం, కఫం - మూడింటికీ మూడు పట్టికలు గీసి గోడకు అంటించాను. ఆవిడ చూసి, "మనుషులకి కూడా ఒకటి గియ్యి బాబూ" అని నవ్వారు.

ఒకరోజు రావికమతం నుంచి నరసమ్మ వచ్చింది. చెరకు రైతు భార్య, యాభై దాటిన మనిషి. మర్మస్థానంలో ఎర్రటి మచ్చ, మూడేళ్ళుగా దురద. తామర అనుకుని, ఎవరికీ చూపకుండా ఏదో మందు రాసుకుంటూ వచ్చింది. డాక్టరమ్మకు అది తామరలా అనిపించలేదు. మచ్చలోంచి చిన్న ముక్క కోసి సీసాలో వేసి, విశాఖకు పరీక్షకు పంపమన్నారు. పేరు, వయసు, ఊరు, తేదీ వరసగా రాశాను. శరీర భాగం దగ్గర కలం ఆగింది. 'చర్మం' అని మాత్రం రాసి పంపేశాను.

రెండు వారాలకు జవాబొచ్చింది: ఏ భాగపు చర్మమో తెలియనిదే నిర్ధారించలేమని.

"ఇదేటి బాబూ? మనం చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తాది?" డాక్టరమ్మ గొంతు పెంచకుండానే అడిగి, కాగితం నా ముందుకు జరిపారు. "రాయి. జననాంగపు ఎడమ పెదవి. సిగ్గు నీది, ప్రాణం ఆవిడది."

రాసి, మళ్ళీ విశాఖకు పంపాను. తరువాత ఆవిడ నరసమ్మను పిలిపించి, "ఆలస్యం మావల్లే అయింది" అన్నారు. నా ఊసెత్తలేదు. ఉండబట్టలేక నేనే ఒప్పుకున్నాను. నరసమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నాను మూడేళ్ళు దాసేను. ఈ గుంటడు రెండు వారాలే దాసేడు. నాకన్నా నయమే కదమ్మా!"

వాళ్ళిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈసారి విశాఖ నుంచి జవాబు స్పష్టంగా వచ్చింది: అది చర్మంలో పాకే అరుదైన క్యాన్సర్. కంటికి కనిపించే ఎరుపును దాటి విస్తరిస్తుంది కనుక, చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మం కూడా తీసేయాలి. డాక్టరమ్మ నరసమ్మను బస్సులో విశాఖకు స్వయంగా తీసుకెళ్ళి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉన్నారు. కోసిన చర్మంలో ఏ అంచు ఎటు వైపుదో పోల్చుకోవడానికి అక్కడి డాక్టర్లు పై అంచుకు దారం కట్టారట. ఒక అంచులో రోగం మిగిలిందని తేలి, మళ్ళీ కోశారు. చివరికి కబురొచ్చింది: రోగం లోతుకు దిగలేదు, అంచులన్నీ శుభ్రం.

ఇప్పుడు నేను విశాఖలో, అలాంటి ముక్కలు పరీక్షించే ప్రయోగశాలలోనే పని చేస్తున్నాను. పల్లెల నుంచి వచ్చే కాగితాల మీద ఇంకా 'చర్మం' అనే ఉంటుంది. నేను తిప్పి పంపను. సీసా తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఎక్కడిదని మెల్లగా అడుగుతాను. ఆ మాట పూర్తిగా రాసి, సరేనా అని చదివి వినిపిస్తాను. చదివేటప్పుడు నా గొంతు సుభద్రమ్మగారి గొంతంత నిదానంగా ఉండేలా చూసుకుంటాను.