అక్క కోసం జలుబు పట్టకుండా బతికిన రోజులు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. పటమటలో మా టైల్స్ షాపులోకి ఎలక వస్తే, నేను ఇంటికి చేరేసరికి అది పిల్లిని తరిమిన ఎలక అయిపోతుంది. నా మాటలో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్ళకు కాఫీతోపాటే చెబుతుంది. ఇదీ అలాగే చదవండి. ఎక్కడ తీసెయ్యకూడదో చివర చెబుతాను.

మొదట తేడా కనిపించింది గాజుల కొట్లో. మా సరోజక్కది ఇబ్రహీంపట్నం, బావ అక్కడ థర్మల్ స్టేషన్లో పనిచేస్తాడు. చుట్టాల పెళ్ళికి గాజులు వేయించుకుందామని అక్క మా ఊళ్ళో వన్‌టౌన్ బజారుకు వచ్చింది. కొట్టతను చెయ్యి పిసికి గాజులు ఎక్కించాడు, అందరికీ చేసినట్టే. మర్నాటికి చెయ్యంతా నేరేడుపండు రంగుకు తిరిగింది. అతన్ని ఫోన్లో ఉతికి ఆరేశాను. పాపం, అతని తప్పేం లేదు. ఆ వారంలోనే పళ్ళు తోముకుంటుంటే అక్క చిగుళ్ళలోంచి రక్తం ఆగలేదు.

సీబీసీ అనే రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరుగారు, "ప్లేట్‌లెట్స్ బాగా తక్కువున్నాయి. బోన్ మ్యారో, అంటే ఎముకల్లోని మూలుగ, టెస్ట్ చెయ్యాలి" అన్నారు. ఆ టెస్టు అయ్యాక ఏఎంఎల్ అన్నారు, బ్లడ్ క్యాన్సర్లో ఒక రకం. ఈ మాటలను పెంచడం నాక్కూడా చేతకాలేదు.

కీమో ఇచ్చారు. జుట్టు పోయింది, జ్వరాలొచ్చాయి, ఒకసారి ఐసీయూ దాకా వెళ్ళొచ్చింది. చివరికి డాక్టరుగారు, "రెమిషన్‌లో ఉన్నారు, జబ్బు అణిగింది. కానీ ఇది మళ్ళీ వచ్చే రకం. వేరేవాళ్ళ కణాలతో మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే మంచిది. తోబుట్టువులున్నారా?" అని అడిగారు. ఉన్నది నేనొక్కణ్ణే. తోబుట్టువుల కణాల రకం కలిసే అవకాశం నాలుగో వంతేనట. అది చూసే హెచ్ఎల్ఏ టెస్టు రిజల్టు వచ్చేదాకా నేను గుటక వేస్తే వీధి చివర టీ బండి దాకా వినిపించేది.

కలిసింది.

"చిన్నప్పటి నుంచీ నా దగ్గర లాక్కోవడమేగా. ఇన్నాళ్ళకు ఒకటి ఇస్తున్నావు" అంది అక్క.

వార్డులో పక్క గదిలో డిగ్రీ చదివే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న గుడివాడ వైపు రైతు. ఒకరోజు కాఫీ తాగుతూ చెప్పాడు.

"మా ఇంట్లో ఎవరిదీ కలవలేదండీ. కణాలు ఇస్తామని పేరు రాయించుకున్నోళ్ళ రిజిస్ట్రీలో ఒకాయన దొరికాడన్నారు. తీరా పిలిస్తే ఇంట్లోవాళ్ళు వద్దన్నారంట."

"ఎందుకంటండీ?"

"వెన్నెముక పాడైపోద్దని."

చేతిలో మిగిలిన కాఫీ ఆయన ఇక తాగలేదు.

అక్కను విడిగా గదిలో ఉంచి కండిషనింగ్ మొదలుపెట్టారు. డాక్టరుగారు నన్ను పిలిచి, "ఆవిడ మ్యారోను మందులతో ఖాళీ చేస్తున్నామండీ. ఇక వెనక్కి రావడానికి లేదు, మీ కణాలు ఎక్కాల్సిందే. మీరు జలుబూ జ్వరం తెచ్చుకోకండి" అన్నారు.

అప్పటి నుంచి ఎవరు దగ్గినా నాకు అక్క మొహం కనిపించేది. బెంజి సర్కిల్ ఈ చివర ఊపిరి బిగబట్టి ఆ చివర వదిలేవాణ్ణి.

కానీ మన దగ్గర ఒంట్లో బాగోలేనివాళ్ళను చూడ్డానికి వెళ్ళకపోతే జన్మంతా మాట ఉండిపోతుంది. అక్క గదిలోకి ఎవరినీ రానివ్వరు. అందుకని ఆ పరామర్శేదో నాకు చేసేద్దామని చుట్టాలు మా ఇంటికి బయల్దేరారు. అవనిగడ్డ నుంచి బాబాయి యాపిల్స్ సంచీతో వచ్చి నా మంచం మీదే కూర్చున్నాడు.

"ఒరే, వెన్నుపూసలోంచి గుజ్జు లాగేస్తారంటగా. మళ్ళీ లేచి నిలబడతావా?"

"వెన్నుపూస జోలికే రారు బాబాయ్. ఒక చేతిలోంచి రక్తం తీసి, మెషీన్లో కావలసిన కణాలు పట్టుకుని, మిగతాది రెండో చేతికి ఎక్కించేస్తారు."

"నువ్వు చెప్తే నమ్మేదెట్టారా" అని నవ్వబోయి తుమ్మాడు. ఆ తుమ్ముకు మా ఫ్యాను ఎదురు తిరిగింది.

బాబాయిని సాగనంపి మా ఆవిడ గేటుకు తాళం వేసింది. ఫోన్ చేసినవాళ్ళందరికీ, "ఆయనకు గవదబిళ్ళలండీ, అంటుకుంటాయి, రాకండి" అని చెప్పేసింది. జనం ఆగారు. మాట ఆగలేదు. సాయంత్రానికల్లా ఆసుపత్రి గదిలో అక్క ఫోనుకు చేరింది.

వీడియో కాల్ చేసింది. మాస్కు పైన రెండు కళ్ళే కనిపిస్తున్నాయి.

"ఒరే, నీకు బాగోలేదంటగా."

"నిక్షేపంలా ఉన్నానక్కా."

"అందులో సగం తీసేస్తే?"

ఆ కళ్ళు నవ్వడం లేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పి నమ్మించాలి. ఆ సరుకు నా దగ్గర ఎప్పుడూ లేదు.

"బుగ్గలు చూపించు" అంది. అటూ ఇటూ తిప్పి చూపించాను. "దవడ కింద" అంది. తలెత్తాను. "మీ ఆవిణ్ణి పిలువు" అంది.

మా ఆవిడ ఫోన్ అందుకుని, "జనం రాకుండా నేనే చెప్పాను వదినా, ఆయన బాగానే ఉన్నారు" అని ఏడ్చేసింది. అప్పుడు నమ్మింది. నన్ను కాదు, ఆమెను.

మ్యారోలోని కణాలు రక్తంలోకి దిగడానికి నాకు ఇంజక్షన్లు మొదలుపెట్టారు. రెండోది చేసిన మర్నాడు ఒళ్ళు వెచ్చగా ఉంది. నడుము మీద వరికోత మెషీన్ నడిచినట్టు, తుంటి మీద రోడ్డు రోలరు ఆగినట్టు నొప్పి. బాబాయి తుమ్ము గుర్తొచ్చింది. రక్తం పరీక్షకిచ్చి వరండాలో కూర్చున్నాను. ఎదురుగా గుడివాడ రైతు. ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

"ఇన్ఫెక్షన్ కాదండీ, ఇంజక్షన్ వల్లే. మ్యారో పనిచేస్తోంది. పారాసిటమాల్ వేసుకోండి" అన్నారు డాక్టరుగారు.

ఆ తర్వాత బోరు పైపులంత సూదులు రెండు చేతులకూ పెట్టి, మెషీన్ పక్కన పడుకోబెట్టారు. టమాటా రసం రంగులో చిన్న సంచీ నిండింది. దాన్ని అక్క గదికి తీసుకెళ్ళి ఎక్కించారు. తర్వాత అంతా ఎదురుచూపే. రక్తకణాల కౌంట్స్ లేవు, అక్కకు జ్వరం, నోటినిండా పుళ్ళు. ఒక ఉదయం డాక్టరుగారు, "ఎన్‌గ్రాఫ్ట్ అయింది, మీ కణాలు ఆవిడలో నాటుకున్నాయి. కౌంట్స్ లేస్తున్నాయి" అన్నారు. బావ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

ఇప్పుడు అక్క ఇబ్రహీంపట్నంలోనే ఉంది. మధ్యలో ఒంటిమీద ర్యాష్ వచ్చి భయపెట్టింది, తగ్గింది. మాత్రలు, చెకప్పులు నడుస్తున్నాయి. ఒంట్లో నా రక్తమే కాబట్టి, మొన్న ఎండ గురించి చెబుతూ డాబా మీద దోసె కాలిందంది.

గుడివాడ అమ్మాయికి ఇంకా ఎవరూ దొరకలేదు. రిజిస్ట్రీలో చేరడానికి నాకు వయసు దాటిపోయింది. మా అమ్మాయి చేరింది. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి తీసుకున్నారు, అంతే. మీరూ చేరండి. కానీ చేరేముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, ఏం తీస్తారో, ఎలా తీస్తారో చెప్పండి. వాళ్ళ 'వద్దు' ఏదో ఆ రోజే వినెయ్యండి. పిలుపు వచ్చాక వింటే, ఎక్కడో ఒక నాన్న చేతిలో కాఫీ చల్లారిపోతుంది.

ఇక చెబుతానన్న సంగతి. నేను కల్పించింది నొప్పి. వరికోత మెషీనూ లేదు, రోలరూ లేదు. వైరల్ జ్వరానికి ఉండే ఒళ్ళునొప్పులు, మాత్రతో తగ్గాయి. సూది కూడా రక్తదానంలో వాడేలాంటిదే. నాలుగు రోజులు సేవలు చేయించుకుందామని ఇంట్లో పెంచి చెప్పాను, ఆ అలవాటుతో ఇక్కడా రాసేశాను. మీరు అందులో సగం కాదు, మొత్తం తీసెయ్యండి.

భయం మాత్రం ఉన్నంతే రాశాను. దాన్ని ముట్టుకోకండి.